తరుగు లెక్క

మా అక్క కూతురి పెళ్ళికి హారం కొనాలని 2025 వేసవిలో ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడిలో మూడు గంటలు కూర్చున్నాం. నాలుగు తులాల హారం. డిజైను ఎంచుకోవడానికి అరగంట కూడా పట్టలేదు. మిగిలిన సమయమంతా తరుగు దగ్గరే గడిచింది. అంగడి ఆయన పదహారు శాతం అన్నాడు. అమ్మ ఎనిమిది అంది. మధ్యలో రెండు సార్లు కాఫీలు వచ్చాయి. ఒకసారి అమ్మ లేచి చెప్పులు కూడా వేసుకుంది. "కూర్చోండమ్మా, మీ నాయన కాలం నుంచి తెలిసినవాళ్ళు మీరు" అని ఆయన బతిమాలాడు. చివరికి పన్నెండు దగ్గర బేరం తెగింది.

తరుగంటే తెలియని తెలుగు ఇల్లు ఉండదు. నగ చేసేటప్పుడు కోతలో, ఆకురాయి రాపిడిలో, మెరుగు పెట్టడంలో రాలిపోయే బంగారానికి కొనేవాళ్ళ దగ్గర వసూలు చేసే ఖరీదు అది. యంత్రం మీద అచ్చు పోసిన నగకూ అదే వసూలు చేస్తారు, అది వేరే తగువు. మా అమ్మ కంసాలి కూతురు. తాత పనిచేసే కొట్టంలో నేల ఊడ్చిన దుమ్మును కూడా డబ్బాలోకి ఎత్తి దాచేవారని, ఏడాదికొకసారి దుమ్ము కడిగి బంగారం ఏరుకునే జలకడుగువాళ్ళు వచ్చి ఆ దుమ్మును కొనుక్కుపోయేవారని ఆమెకు గుర్తు. రాలినదేదీ ఊరికే పోదని తెలిసిన మనిషి ముందు పదహారు శాతం నిలబడలేదు.

చీటీ మీద తరుగు అంకె చూస్తుంటే నాకు మాత్రం ఒక నది గుర్తొచ్చింది. దాన్ని ఎవరి చీటీలోనూ వేయరు.

నేను ఆరేళ్ళు ఘనాలో పనిచేశాను. రాజధాని అక్రా పక్కనున్న టెమా రేవు పట్టణంలో మందులు పంపిణీ చేసే ఒక సంస్థకు లెక్కలు చూసేవాణ్ణి. నెలకొకసారి టకోరాడికి వెళ్ళవలసి వచ్చేది. సముద్రం పక్కనే సాగే రహదారి. కేప్ కోస్ట్ దాటి, ఎల్మినా దాటి, బెపోసో అనే ఊరి దగ్గర ప్రా నది మీద వంతెన వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు వానాకాలం. నీళ్ళు ఎర్రగా ఉంటే వింత అనిపించలేదు, జులైలో గోదావరి కూడా అలాగే ఉంటుంది కదా అనుకున్నాను. తర్వాత జనవరిలో చూశాను. సహారా వైపు నుంచి పొడి దుమ్ముగాలి వీచే కాలం అది, చుక్క వాన ఉండదు. నది రంగు మారలేదు. డికాషన్ చాలక పాలు ఎక్కువైన కాఫీ రంగు. ఎగువన ఎక్కడైనా వాన పడిందా అని డ్రైవరును అడిగాను. అతను నా వైపు చూడకుండా "గలామ్సే, బాస్" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

గలామ్సే అంటే అనుమతి లేకుండా బంగారం తవ్వడం. ఏరి తెచ్చి అమ్ముకోవడం అనే అర్థమున్న ఇంగ్లిషు మాటలు జనం నోళ్ళలో నలిగి నలిగి అలా ఒక్క మాటగా మారాయి. ఆ దేశానికి బంగారం కొత్త కాదు. 1957లో స్వాతంత్ర్యం వచ్చేదాకా దాని పేరే గోల్డ్ కోస్ట్, బంగారు తీరం. పోర్చుగీసువాళ్ళు 1471లో ఆ తీరానికి చేరి, 1482లో కోట కట్టుకున్న చోటు ఎల్మినా. వాళ్ళ భాషలో గనిని చెప్పే మాట నుంచి పుట్టిన పేరు. అంటే ఊరి పేరే గని. 2024 ఆగస్టు నాటికి ఆ గని ఊరికీ పక్కనున్న కేప్ కోస్ట్‌కూ కుళాయి నీళ్ళు సరిగా అందని పరిస్థితి వచ్చింది. కారణం, ఎగువన బంగారం తవ్వకం. ఇలాంటిది ఎవరైనా కథలో రాస్తే సంపాదకుడు మరీ అతిగా ఉందని కొట్టేస్తాడు.

ఆ రెండు ఊళ్ళకూ నీళ్ళు పంపే శుద్ధి కేంద్రం ప్రా నది ఒడ్డున సెచిరే హెమాంగ్ అనే చోట ఉంది. నీళ్ళలో మడ్డి ఎంతుందో ఎన్‌టీయూ అనే కొలతలో చెబుతారు. తాగే నీళ్ళలో అది 5 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ కేంద్రాన్ని 2,000 దాకా మడ్డి ఉన్న నీళ్ళను శుభ్రం చేసేలా కట్టారు. ఆ ఆగస్టులో నది నుంచి వస్తున్న నీళ్ళలో మడ్డి సగటున 14,000 ఉందని ఘనా జల సంస్థ ప్రకటించింది. దాన్ని మురికి నీళ్ళు అనడం కూడా మర్యాదే. పల్చటి బురదను పంపులతో లాగి తాగునీరు చేయమంటే ఏ యంత్రమైనా ఏం చేస్తుంది?

ఒకప్పటి గలామ్సే అంటే పార, గంప, చెక్క తొట్టి. ఇంటిల్లిపాదీ ఏటి ఒడ్డున కూర్చుని ఇసుక కడుక్కునేవారు. గత ఇరవై ఏళ్ళలో పొక్లెయిన్లు దిగాయి. చైనాలో గ్వాంగ్‌షీ ప్రాంతంలోని షాంగ్లిన్ అనే ఒక్క చోటి నుంచే వేలమంది వచ్చారు. ఏటి ఇసుకలో బంగారం తీయడం వాళ్ళకు తరాల నాటి విద్య. 2013లో నాలుగు వేల మందికి పైగా చైనీయులను ఘనా వెనక్కి పంపింది. మనుషులు వెళ్ళారు, యంత్రాలూ పద్ధతులూ ఉండిపోయాయి. నది మధ్యలో తేలుతూ అడుగు కంకరను పీల్చే యంత్రాన్ని అక్కడ ఇప్పటికీ చాన్‌ఫాన్ అనే చైనా పేరుతోనే పిలుస్తారు.

ముందు అడవో కోకో తోటో పోతుంది. పైమట్టిని గీకి పక్కన పోస్తారు. కింద కంకర పొర. దాన్ని ఏటవాలుగా పెట్టిన తొట్టి మీద పోసి నీళ్ళు కొడతారు. తొట్టి అడుగున తివాచీ ముక్కలు పరిచి ఉంటాయి. బరువైన రేణువులు వాటి పోగుల్లో చిక్కుకుంటాయి, మిగతాదంతా నదిలోకి. టన్ను కంకరకు ఒక గ్రాము దొరికితే పండగే. మా హారం నలభై గ్రాములు. ఇరవై రెండు క్యారెట్లు కాబట్టి అందులో అసలు బంగారం ముప్పై ఆరున్నర గ్రాముల పైచిలుకు. లెక్కల మనిషిని, చెప్పక తప్పదు. పండగ లెక్కే తీసుకుని ముప్పై ఆరున్నర టన్నుల కంకర అనుకుందాం. మా ఊళ్ళో ఇసుక ట్రాక్టరు ట్రాలీకి మూడు టన్నులు పడుతుంది. ఆ హారం ఘనా ఏటి బంగారమే అయితే, పన్నెండు ట్రాలీల నదిని పిల్ల మెడలో వేసినట్టు.

ఇంతవరకు కంటికి కనపడే నష్టం. కనపడనిది వేరే ఉంది.

తివాచీలు దులిపితే వచ్చేది నల్ల ఇసుక. బంగారం అందులో ధూళిలా కలిసిపోయి ఉంటుంది. దాన్ని పట్టడానికి పాదరసం కలుపుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది, ఇసుకను వదిలేస్తుంది. గుడ్డలో వేసి పిండితే వెండి రంగు ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను మంట మీద కాలిస్తే పాదరసం ఆవిరైపోయి పసుపు పలుకు తేలుతుంది. చాలాచోట్ల ఈ పని జరిగేది గుడిసె పక్కన, కొన్నిసార్లు వంట పొయ్యి మీదే. గ్రాము బంగారానికి గ్రాము పాదరసమో అంతకన్నా ఎక్కువో గాలిలోకీ నీళ్ళలోకీ పోతుంది. మనుషుల పనుల వల్ల 2015లో గాలిలోకి చేరిన పాదరసం సుమారు 2,220 టన్నులని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క కట్టింది. అందులో 38 శాతం దాకా ఇలాంటి చిన్న బంగారు తవ్వకాలదే. బొగ్గు కాల్చడం వల్ల వచ్చేది దీని తర్వాతే.

మా తాత మొలాము కూడా వేసేవాడు. బంగారాన్ని పాదరసంలో కలిపి రాగి వస్తువు మీద పూసి, నిప్పుల మీద కాస్తే రసం పోయి బంగారు పూత మిగిలే పాత పద్ధతి. గుడి సామాన్లకు అడిగేవారు. ఆ పని ఉన్న రోజు పిల్లలను కొట్టంలోకి రానిచ్చేవాడు కాదట. "రసం పొగ మంచిది కాదు, పొండి" అనేవాడట. తాను మాత్రం అక్కడే కూర్చునేవాడు. చివరి పదేళ్ళు ఆయన చేతులు వణికేవి. అన్నం కలుపుకోవడానికి కూడా అమ్మమ్మ సాయం పట్టేది. వయసు అనుకున్నాం. వయసే అయి ఉండవచ్చు కూడా. పాదరసం ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు చేతులు వణుకుతాయని టెమాలో ఒక రాత్రి చదివాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

నీళ్ళలోకి పోయిన పాదరసం దారి ఇంకా పొడుగు. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు అది పోగవుతూ వెళుతుంది. ఆ చేప తిన్న గర్భిణి కడుపులో బిడ్డ మెదడును తాకుతుంది. జపాన్‌లో మినమాటా అనే ఊళ్ళో 1956లో బయటపడిన జబ్బు ఇదే. అక్కడ దోషం ఒక రసాయన కర్మాగారానిది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి చాలా దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు, 2017లో అమల్లోకి వచ్చింది. అందులో ఘనా ఉంది, మనమూ ఉన్నాం.

ఇంత చెప్పాక వినేవాళ్ళు అనే మొదటి మాట ఒకటుంది. "పాపం, అక్కడి జనానికి అవగాహన కల్పించాలి." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అవగాహన సదస్సు అంటే మనకు తెలుసు కదా. ఒక ఫ్లెక్సీ, వేదిక మీద ఏడు కుర్చీలు, జ్యోతి ప్రజ్వలన, ఎండలో నిలబెట్టిన బడిపిల్లలు, మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. ఘనాలో వేదిక మీద దీపానికి బదులు ప్రార్థన ఉంటుంది, అంతే తేడా.

మా ఊరు పెన్న ఒడ్డున ఉంది. నా చిన్నప్పుడు ఎండాకాలంలో ఏట్లో చెలమ తీస్తే మోచేతి లోతులో నీళ్ళు ఊరేవి. ఇప్పుడు ఇసుక పోయి కొన్నిచోట్ల రాతి పరుపు తేలింది. రాత్రి పూట ఏ ట్రాక్టరు ఎవరిదో, ఎవరి అండతో ఏట్లోకి దిగుతుందో టీకొట్టు దగ్గర కూర్చునే ముసలాయనను అడగండి, చెబుతాడు. చుట్టుపక్కల బోర్లు ఎందుకు ఎండాయో కూడా చెబుతాడు. ఆయనకు సదస్సు పెట్టి ఏం నేర్పుతారు? అక్రమ ఇసుక తవ్వకాన్ని ఆపలేకపోయినందుకు 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రభుత్వం అవగాహన లేక ఊరుకుందా?

ఘనాలోనూ అంతే. పని మీద ఒకసారి ఆఫిన్ నది ఒడ్డునున్న డంక్వా వెళ్ళాను. ఊరి బయట ఒక కోకో రైతుతో మాట్లాడే అవకాశం వచ్చింది, మా డ్రైవరే దుబాసి. ఆ నది ఏ ఏడు ఏ రంగులో ఉందో, ఏ చేప ముందు మాయమైందో, వదిలేసిన ఏ గోతిలో ఎవరి పిల్లవాడు మునిగిపోయాడో ఆయనకు తెలుసు. తెలిసి కూడా తన తోటలో మూడో వంతు తవ్వకందార్లకు ఇచ్చేశాడు. పక్క తోట వాళ్ళు ఇచ్చేశాక నీళ్ళు అటు మళ్ళి ఈయన చెట్లు ఎండడం మొదలైందట. కోకో ధర ప్రభుత్వం చెప్పినంతే. బంగారం ధర రోజూ పెరిగేదే. ఆయనకు తక్కువైనది తెలివి కాదు, దారి. నేను ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు, అందుకే ఎక్కువ మాట్లాడలేదు.

అలాగని చెప్పవలసినదే లేదనను. ఏది తెలుసో ఏది తెలియదో విడదీసుకుని చెప్పాలి. ఎర్రనీళ్ళు అందరికీ తెలుసు. పాదరసం ఆవిరి తెలియదు. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు, వెంటనే దగ్గు రాదు. కట్టెల పొగకు ముఖం తిప్పుకునే మనిషే ఆ ముద్ద కాలుతుంటే మీదికి వంగి చూస్తాడు. అక్కడ కూలి కుర్రాళ్ళను అడిగితే పాదరసం బంగారానికి తోడు అన్నారే తప్ప మనిషికి చేటు అనలేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఫ్లెక్సీ అక్కర్లేదు, పక్కన కూర్చునే మనిషి కావాలి. నేను విన్నవాటిలో బాగా పనిచేసినది ఒక ఆరోగ్య కార్యకర్త చెప్పిన పోలిక. మూత గట్టిగా బిగిసే చిన్న ఇనుప గిన్నె, మూత నుంచి వంగి కిందికి దిగే గొట్టం, గొట్టం చివర నీళ్ళ గిన్నె. ముద్దను అందులో కాలిస్తే ఆవిరి గొట్టంలో చల్లబడి మళ్ళీ పాదరసంగా కారుతుంది. పోయేదాంట్లో నూటికి తొంభై వంతులకు పైగా తిరిగి వస్తుంది. దాన్ని ఆయన యంత్రం పేరుతో చెప్పలేదు. "అక్పెతెషీ కాచినట్టే" అన్నాడు. అక్పెతెషీ వాళ్ళ నాటుసారా. కుర్రాళ్ళకు వెంటనే అర్థమైంది. ఇంకో సంగతి. ప్రాణం దక్కుతుందంటే తల ఊపారు, పాదరసం ఖర్చు తగ్గుతుందంటే ముందుకు జరిగి కూర్చున్నారు.

కొలతకు కూడా అలాంటి బలమే ఉంది. నదులు పాడైపోతున్నాయని పత్రికలు, రేడియోలు 2017లోనే కూటమి కట్టి మరీ చెప్పాయి. అయ్యో అనుకున్నవాళ్ళు ఎక్కువ, కదిలినవాళ్ళు తక్కువ. 14,000 అనే అంకె బయటికి వచ్చిన నెలా రెండు నెలల్లో అక్రా వీధుల్లోకి కుర్రకారు వచ్చారు, పోలీసులు పదుల మందిని పట్టుకెళ్ళారు, కార్మిక సంఘాలు సమ్మె చేస్తామన్నాయి, క్యాథలిక్కులు ప్రార్థనలు చేస్తూ నడిచారు. అంకె ఒక్కటే కదిలించిందని అనను. ఎన్నికల ఏడాది, పైగా పట్నం కుళాయి ఎండింది. నది ఒడ్డు పల్లెలు పదేళ్ళుగా అనుభవిస్తున్నది పట్నం వంటింటి దాకా వచ్చాక గాని దేశ సమస్య కాలేదు. మన దగ్గర మాత్రం వేరా?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కూడా అనలేం. అప్పటి అధ్యక్షుడు అకుఫో-అడో 2017లో ఈ పోరాటానికి తన పదవినే పణంగా పెడతానన్నాడు. చిన్న తవ్వకాలన్నిటినీ నిషేధించి సైన్యాన్ని దింపాడు. ఆ నిషేధంలో అనుమతి ఉన్నవాళ్ళూ పస్తులున్నారు, దొంగ తవ్వకందార్లు రాత్రి పనికి మారారు. పట్టుకున్న పొక్లెయిన్లలో వందల కొద్దీ కనిపించడం లేదని 2020లో స్వయంగా మంత్రే చెప్పాడు. పొక్లెయిన్ జేబులో పెట్టుకుపోయే వస్తువు కాదు! 2019లో చట్టం మార్చి కనీస శిక్ష పదిహేనేళ్ళు చేశారు. జైలుకు వెళ్ళినవాళ్ళలో గంప మోసినవాళ్ళే ఎక్కువ, పొక్లెయిన్‌కు పెట్టుబడి పెట్టినవాళ్ళు తక్కువ అని అక్కడ ఎవరిని అడిగినా అంటారు.

దీని వెనక పాత గాయం ఒకటుంది. 1930ల్లో బ్రిటిష్ వలస ప్రభుత్వం స్థానికులు పాదరసంతో బంగారం తీయకూడదని చట్టం చేసింది. తరాలుగా తవ్వుకుంటున్నవాళ్ళు రాత్రికి రాత్రి దొంగలయ్యారు, గనులు విదేశీ కంపెనీల చేతిలో ఉండిపోయాయి. చిన్న తవ్వకాన్ని మళ్ళీ చట్టబద్ధం చేసింది 1989లో. అనుమతి తెచ్చుకోవడం మాత్రం పల్లె మనిషికి ఇప్పటికీ కొండ ఎక్కడమే. మా తాత ముత్తాతలు చేసిన పని నేను చేస్తే నేరమా అని అడిగేవాడికి పర్యావరణ పాఠం ఒక్కటే జవాబు కాదు. పొక్లెయిన్‌తో నదిని తిరగేసేవాడు కూడా అదే ప్రశ్న చాటున దాక్కుంటాడు. ఇద్దరినీ విడదీయడమే అక్కడ అసలు కష్టం.

నేను వచ్చేశాక, 2025 ఆగస్టు 6న, అక్రా నుంచి ఒబువాసీ గనుల పట్టణానికి బయలుదేరిన సైనిక హెలికాప్టర్ అడవిలో కూలింది. ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో రక్షణ మంత్రి ఎడ్వర్డ్ ఒమానే బోమా, పర్యావరణ మంత్రి ఇబ్రహీం ముర్తలా మహమ్మద్ ఉన్నారు. వాళ్ళు వెళుతున్నది అక్రమ తవ్వకాలకు బదులు సహకార పద్ధతిలో తవ్వించే పథకం ప్రారంభానికి. మా డ్రైవరు ఫోనులో ఆ కబురు చెప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. భారతదేశం ఏడాదికి 700, 800 టన్నుల బంగారం కొంటుంది. అందులో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చేదే. ఘనా నుంచి మనం దిగుమతి చేసుకునే సరుకులో అత్యధిక భాగం బంగారమే. దొంగదారిన దుబాయ్ చేరి అక్కడి నుంచి వచ్చేది వేరు. ఒక్కసారి కరిగాక ఏ నదిదో ఏ గనిదో బంగారానికి గుర్తుండదు. హాల్‌మార్క్ ఉంది కదా అంటారు. మన దేశంలో 2021 నుంచి విడతలుగా చాలా జిల్లాల్లో అది తప్పనిసరి అయింది. 2023 నుంచి హాల్‌మార్క్ వేసిన ప్రతి నగ మీదా అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే ముద్ర కూడా ఉండాలి. ఆ ముద్రను ఫోనులో కొడితే అమ్మిన దుకాణం ఎవరిదో, ఎక్కడ పరీక్ష చేశారో, ఎంత స్వచ్ఛమో వస్తుంది. ఎక్కడ పుట్టిందో రాదు. కోడిగుడ్డు ఏ ఊరిదో అడిగే మనం తాళిబొట్టు ఏ ఊరిదో అడగం.

ఆ రోజు నేను అడిగాను. బేరం తెగాక, అమ్మ డబ్బులు లెక్కపెడుతుండగా, "ఈ బంగారం ఎక్కడి నుంచి వస్తుందండీ?" అన్నాను. అంగడి ఆయన ఒక్క క్షణం ఆగి, "బొంబాయి నుంచి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసిన గని బొంబాయే. బొంబాయి ముందు ఏమిటని అడగవలసిన అవసరం ఆయనకు ఇంతవరకు ఏ గిరాకీ కల్పించలేదు. నా వాదనంతా ఈ ఒక్కచోటే ఉంది. అవగాహన కొరత ప్రా నది ఒడ్డున కాదు, ఈ గల్లాపెట్టె దగ్గర ఉంది. పెళ్ళికి బంగారం మానేయమని ఎవరికీ చెప్పను. చెప్పినా మా అమ్మే వినదు, తులం లక్ష దాటిన ఏడాది కూడా కొన్నది. కానీ పాత బంగారం ఇచ్చి కొత్త నగ చేయించుకుంటే ఏ నదినీ తవ్వనక్కర్లేదు. మన దేశంలో ఇళ్ళలో ఉన్న బంగారమే సుమారు 25 వేల టన్నులని అంచనా. మా అమ్మ బీరువాలో తెగిన గొలుసులు, ఒంటి కమ్మలు, ఎవరూ పెట్టుకోని కాసులపేరు ఉన్నాయి. అవి కరిగిద్దామంటే "అది మా నాయన చేసింది" అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మేం బయటికి వచ్చేసరికి అమ్మ పూల అంగడి దగ్గర ఆగింది. పక్క సందులో కాలువ దగ్గర ఒకాయన గొంతుక్కూర్చుని తట్టలో బురద కడుగుతున్నాడు. జలకడుగు పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారా అనుకుంటూ ఆగాను. మణికట్టు తిప్పడం, నీళ్ళను అంచు మీదుగా జార్చడం, అచ్చం డంక్వాలో చూసినట్టే. జేబులోంచి చిన్న మందు సీసా తీసి బురదలో రెండు చుక్కలు వేశాడు. మెరిసింది.

"ముద్దను ఎక్కడ కాలుస్తావయ్యా?" అన్నాను.

"ఇంట్లోనే సార్. బయట గాలికి మంట నిలవదు."

పొగ పీల్చకూడదని చెప్పాను. ఆయన నవ్వాడు. "రసం మందు కదా సార్, ఆయుర్వేదంలో వేస్తారు" అన్నాడు. తాత చేతుల సంగతి చెప్పాను. వినడం విన్నాడు గాని పట్టించుకున్నట్టు లేదు. అప్పుడు సీసా ఎంతకు కొన్నావని అడిగాను. ధర చెప్పి, ఈ మధ్య బాగా పెరిగిందని వాపోయాడు. అందులో ముప్పాతిక పైన తిరిగి నీ చేతికే వస్తుందన్నాను. తట్ట కింద పెట్టాడు.

కాగితం లేకపోతే అంగడిలో రాసిచ్చిన అంచనా చీటీ తిప్పి, వెనక గిన్నె, మూత, గొట్టం, నీళ్ళ పాత్ర బొమ్మ వేశాను. ఇల్లు వద్దు, పెరట్లో పెట్టుకో, పిల్లలు లేనప్పుడు చెయ్యి అని గొట్టం పక్కనే రాశాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "సారా బట్టీ కదా సార్ ఇది!" అన్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆటోలో కూర్చున్నాక అమ్మ లెక్క మరోసారి సరిచూడాలని చీటీ అడిగింది. కాలువ దగ్గర ఆయనకు ఇచ్చేశానన్నాను.

"ఆయనకెందుకు నాయనా, మన తరుగు లెక్క?" అంది.